అద్దె విద్యుత్ కారు: ముందుగా తెలిసికొనవలసిన సంగతులు

విద్యుచ్ఛక్తిచే నడచు కార్లు నేడు మన పట్టణములలో అద్దెకును దొరకుచున్నవి. పొగ లేదు, పెట్రోలుతో పని లేదు. అయినను సొంతదారునకు సుళువైన యీ బండి అద్దెకు దీసికొనినవానిని ఏల చిక్కులబెట్టునో మా యనుభవమునుబట్టి చదువరులకు విన్నవించెదము.

గత వేసవి సెలవులలో మా తల్లిగారి కంటిని వైద్యునకు చూపుటకై విజయవాడనుండి హైదరాబాదునకు పోవలసివచ్చెను. దూరము సుమారు 275 కిలోమీటర్లు. వైద్యుడు రమ్మనిన వేళ మధ్యాహ్నము రెండు గంటలు. కారు నప్పగించిన చిన్నవాడు సంతకములు చేయించుకొని, తాళపుచెవి చేతిలో బెట్టి వెడలిపోయెను.

మొదటి చిక్కు బయలుదేరుటలోనే కలిగెను. మీట నొక్కితిమి, చప్పుడు కాలేదు. మరల నొక్కగా, అంతకుమున్నే సిద్ధముగానున్న కారు ఆగిపోయెను. ఈ కార్లు నిలిచియున్నప్పుడు మోటారు తిరుగదు. తెరమీది గురుతే సాక్ష్యము. దారిలో పెడలుమీదినుండి పాదమెత్తగానే బండి బ్రేకు వేసినట్లు నెమ్మదించి, తల్లిగారు ముందునకు తూలిరి. అప్పుడు మోటారు జనరేటరుగా మారి బ్యాటరీలోనికి విద్యుత్తును మరల నింపును. ఇది లోపము కాదు, గుణము. ముందుగా తెలియకపోవుటయే లోపము.

రెండవది దూరముయొక్క లెక్క. తెరమీద మొదట 230 కిలోమీటర్లని యుండెను. 100 కిలోమీటర్లు పోవుసరికి 130 మిగులవలసినచోట 95 మాత్రమే మిగిలెను. ఆ యంకె చాలవరకు అంతకుముందు బండి నడచిన తీరునుబట్టి కట్టిన యంచనా. గాలి యెదురు వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును. 80 కిలోమీటర్ల వేగమునకంటె 100 కిలోమీటర్ల వేగమున అది ఒకటిన్నర రెట్లకు మించును. ముందటివాడు ఊరిలో మెల్లగా నడపియుండును. మేము రహదారిపై వేగముగా పోతిమి.

మూడవది ఛార్జింగు. సూర్యాపేట చేరువ నొకచోట నాగితిమి. అచ్చట సొమ్ము పుచ్చుకొను మనుష్యుడు లేడు; వారి యాపును ఫోనులోనికి దింపుకొని, ముందుగా సొమ్ము జమచేయవలెను. దీనికే అరగంట పట్టెను. మా బ్యాటరీ 30 యూనిట్లు పట్టును. ఇంటిలోని 15 ఆంపియర్ల సాకెట్టు గంటకు సుమారు 3 యూనిట్లనిచ్చును. అచ్చటి యంత్రము 25 ఇచ్చును. నూటికి 80 పాళ్లు నిండిన పిమ్మట బ్యాటరీ చెడకుండ ప్రవాహము తగ్గింపబడును గనుక, అంతటితో బయలుదేరుట మేలు. కాని ప్లగ్గు ఊడిరాలేదు! ఎంత లాగినను కదలలేదు. చెంతనున్న టీకొట్టు కుర్రవాడు వచ్చి, తాళపుచెవిమీద తలుపు తెరచు బొత్తాము నొక్కుమనెను. నొక్కగానే వచ్చెను. ఛార్జింగు వేళ ఇతరులు లాగివేయకుండ ప్లగ్గునకు లోపల గడియ పడును.

వైద్యశాల చేరుసరికి నాలుగు దాటెను. వైద్యుడు వెడలిపోయెను, తల్లిగారు మరునాటివరకు నొప్పితో వేచియుండిరి.

సొంతదారునకు నేర్చుకొనుటకు నెలలు కలవు, అద్దెవానికి గడియయే. కావున తాళపుచెవి పుచ్చుకొనకమునుపే అడుగుడు: బండిని ఎట్లు కదల్పవలెను? ప్లగ్గు నెట్లు తీయవలెను? దారిలో ఎచ్చట, ఏ యాపుతో ఛార్జింగు దొరకును? తిరిగి అప్పగించునప్పుడు ఎంత మిగిలియుండవలెను? అప్పగించువాడును పావుగంట వెచ్చించి చేసి చూపవలెను. తనకు తెలిసినది ఎదుటివానికిని తెలిసియుండునని తలచుట ఉపాధ్యాయులమైన మాకును కలుగు పొరపాటే. ఆ దినమున మాకు పాఠము చెప్పినవాడు టీకొట్టు కుర్రవాడు.