తొండను రాళ్లతో కొట్టకండి.. అది రైతుకు దోస్తు!

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో కంచె మీద తొండ కనిపిస్తే చాలు, పిల్లలు రాయి అందుకుంటారు. మన ఇళ్లలో 'గిర్గిట్' అని పిలిచే ఈ జీవి మీద ఎన్నో అపోహలు ఉన్నాయి. మనిషిని చూసి రక్తం పీలుస్తుందని, అందుకే గొంతు ఎర్రబడుతుందని పెద్దలు కూడా చెబుతుంటారు. అసలు విషయం వేరు. జత కట్టే కాలంలో మగ తొండ తల, గొంతు ఎర్రగా మారతాయి. అంతే!

తొండకు గానీ, ఇంట్లో తిరిగే బల్లికి గానీ విషం లేదు. అయితే బల్లి రెట్టలో రోగాలు తెచ్చే సూక్ష్మక్రిములు ఉండొచ్చు. కాబట్టి బల్లి పడిన కూర, పాలు పారబోయడమే మంచిది. వంట గిన్నెలపై మూత పెడితే ఆ బాధే ఉండదు.

తొండ తిండి మిడతలు, చీమలు, కీచురాళ్లు, చిన్న పురుగులు. గోడ మీద బల్లి దోమలు, రెక్కల పురుగులు, చిన్న బొద్దింకలను పట్టి తింటుంది. అలాగని పత్తి కాయలో దాక్కునే గులాబీ రంగు పురుగును తొండ ఏమీ చేయలేదు. బయట తిరిగే పురుగులే దానికి దొరుకుతాయి. మళ్లీ ఈ తొండలే డేగలకు, పాములకు, ముంగిసలకు ఆహారం.

వీటి సంఖ్య తగ్గితే ఏమవుతుందో పత్తి ఎక్కువగా పండే అమెరికాలోని టెక్సాస్ చూపిస్తోంది. అక్కడి కొమ్ముల బల్లి ప్రధానంగా ఒక రకం గింజల చీమలనే తిని బతుకుతుంది. పురుగుమందులు, దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడిన నిప్పు చీమల వల్ల ఆ గింజల చీమలు తగ్గాయి. పొలాలు, ఊళ్లు పెరిగి బీళ్లు కూడా పోయాయి. దాంతో చాలా చోట్ల ఆ బల్లే కనిపించకుండా పోయింది. 1993లో టెక్సాస్ దాన్ని రాష్ట్ర సరీసృపంగా ప్రకటించింది.

కాలిఫోర్నియాలో ఇంకో వింత. అక్కడి కంచె తొండ రక్తం తాగిన పిడుదుల్లో లైమ్ జ్వరం క్రిములు చచ్చిపోతాయి.

మన పత్తి చేలకూ ఇదే పాఠం. అవసరం లేకుండా మందు కొడితే పురుగుతో పాటు దాన్ని తినే జీవి కూడా పోతుంది. గట్టు మీద నాలుగు పొదలు వదిలేయండి, ఎండుటాకులకు నిప్పు పెట్టకండి. తొండ మెత్తని మట్టిలో గుడ్లు పెడుతుంది. రాయి ఎత్తిన పిల్లాడికి ఈ మాట చెప్పండి చాలు.