తలచి గీసిన తామర

పువ్వును ఎదురుగా పెట్టుకొని గీయడం ఒక పద్ధతి, జ్ఞాపకం నుంచి గీయడం మరొకటి. రెండోది తేలికని విద్యార్థులు అనుకుంటారు, గీస్తుండగానే వాడిపోయే పువ్వు ఎదుట ఉండదు కాబట్టి. పొరపాట్లు ఎక్కువగా దొర్లేది అక్కడే.

నా అనుభవమే చెబుతాను. చిన్నప్పుడు దసరా సెలవుల్లో కొల్లేటి లంకలోని అమ్మమ్మగారి ఊరికి వెళ్లేవాణ్ణి. తాటి దోనెలో కూర్చుని చూసిన తామరలను ఉద్యోగ విరమణ తర్వాత ఇంట్లో గీశాను. రేకుల వంపు, గులాబి రంగు బాగానే కుదిరాయి. ఆకులను మాత్రం నీటికి అతుక్కున్నట్టు, ఒక పక్క చీలికతో వేశాను. అది కలువ ఆకు! తామర ఆకుకు చీలిక ఉండదు. కాడ దాని అడుగున నడిమధ్య అతుకుతుంది, ఎదిగిన ఆకు నీటిపైకి గొడుగులా లేస్తుంది. తామర పువ్వు నడుమ గరాటులాంటి దుద్దు ఉంటుంది, కలువకు ఉండదు. తామర పొద్దున విచ్చుకుంటే తెల్లకలువ రాత్రి విచ్చుకుంటుంది. నా తలలో ఈ రెండూ కలిసి ఒకే నీటిపువ్వు అయిపోయాయి.

అయితే జ్ఞాపకం ఒక మేలు కూడా చేసింది. బొమ్మలోని పువ్వులు కింది నుంచి చూసినట్టు, వెనక ఆకాశంతో పడ్డాయి. దోనెలో కూర్చున్న పిల్లవాడి కంటి ఎత్తు అది. కూజాలో పెట్టిన పువ్వును చూసి గీసి ఉంటే ఆ ఎత్తు నాకు దొరికేది కాదు.

ఫ్రాన్సులో క్లాడ్ మోనే ఈ రెండు పద్ధతులనూ కలిపాడు. 1893లో జివెర్నీలో స్థలం కొని, కొలను తవ్వించి కలువలు పెంచాడు. ఏళ్ల తరబడి ఆ గట్టునే గీశాడు. చివరి భారీ చిత్రాలను మాత్రం కొలనుకు ఎడంగా కట్టించిన స్టూడియోలో వేశాడు. అప్పటికి కళ్లకు శుక్లాలు. అయినా అనుమానం వస్తే తోటలోకి నడిచి చూసుకునే వీలుండేది.

నాకు ఆ వీలు లేదు. 1980లలో కొల్లేటిలో చేపల చెరువులు బాగా పెరిగాయి. 1999లో సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో చాలా చెరువుల గట్లు కొట్టేశారు. నేను చూసిన తామరలు మాత్రం ఆ చోట మళ్లీ కనబడలేదు. ఆకును ఒక గుడి కోనేట్లో చూసి దిద్దుకున్నాను. దోనె పక్క నీటి రంగును సరిచూసుకునే చోటు లేక అలాగే వదిలేశాను.

అభ్యాసం: మీకు బాగా తెలిసిన ఒక పువ్వును ముందు చూడకుండా గీసి, తేదీ వేయండి. తర్వాత ఆ మొక్క దగ్గరకు వెళ్లి మరో కాగితం మీద చూసి గీయండి. మొదటి బొమ్మను చెరపవద్దు, రెండూ జతచేసి పంపండి.