టమాట పగుళ్లు: నీరు నిండిన తొక్కపై ప్రతిబలాల అనుకరణ

బెట్ట తర్వాత ఒక్కసారిగా వర్షం కురిస్తే, పక్వానికి వచ్చిన టమాటాలు తొడిమ చుట్టూ పగులుతాయి. టమాట విస్తారంగా పండే మదనపల్లె వంటి ప్రాంతాలలో ఇది రైతుకు నేరుగా ధర నష్టం. పగిలిన కాయ గ్రేడింగులో వేరుపడుతుంది. పగులు ద్వారా శిలీంధ్రాలు ప్రవేశిస్తాయి. దీనికి పోషక లోపాన్నే కారణంగా భావించి, కాల్షియం పిచికారీతో సలహా ముగించడం సరికాదు. పగులు ప్రధానంగా యాంత్రిక వైఫల్యం. అందుచేత తొక్కపై ప్రతిబలం ఎలా పెరుగుతుందో ముందుగా పరిశీలించాలి.

కాయను నీటితో నిండిన పలుచని గోళంగా భావిస్తే, తొక్కలోని ప్రతిబలం లోపలి పీడనాన్ని వ్యాసార్ధంతో గుణించి, మందానికి రెట్టింపుతో భాగించిన విలువకు సమానం. ఉదాహరణకు వ్యాసార్ధం 30 మి.మీ., భారం మోసే పొర మందం 0.1 మి.మీ. అనుకుంటే, ప్రతిబలం పీడనానికి 150 రెట్లు. అదే మందం గల 10 మి.మీ. వ్యాసార్ధపు చెర్రీ టమాటాలో ఇది 50 రెట్లు మాత్రమే. పీడనం సమానంగా ఉన్నా పెద్ద కాయ తొక్కపై భారం ఎక్కువ.

నిజమైన కాయ సంపూర్ణ గోళం కాదు. తొడిమ వద్ద గుంట, గట్టిపడిన మచ్చ ఉంటాయి. పరిమిత మూలక పద్ధతిలో తొక్కను వేలాది చిన్న భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగపు సాగుదలను, ప్రతిబలాన్ని కంప్యూటరుపై గణిస్తారు. వక్రత, దృఢత్వం హఠాత్తుగా మారే చోట ప్రతిబలం కేంద్రీకృతమవుతుంది. పగుళ్లు తొడిమ వద్ద మొదలవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన అంశం ఒకటి ఉంది. నమూనాకు స్థిరమైన పీడనాన్ని కాక, కాయలోకి చేరే నీటి పరిమాణాన్ని ఇవ్వాలి. పీడనం ఫలితంగా వెలువడాలి. ఘనపరిమాణం 3 శాతం పెరిగితే ఉపరితలం సుమారు 2 శాతం పెరగాలి. ఆ పెరుగుదల వారం రోజులలో జరిగితే తొక్కకు ఎదిగే, సడలే వ్యవధి లభిస్తుంది. ఒక్క రాత్రిలో జరిగితే సాగుదల మొత్తాన్ని స్థితిస్థాపకతే భరించాలి. కాబట్టి తొక్కను రబ్బరు వలె మాత్రమే గణిస్తే, కాలంతో ప్రతిబలం సడలే గుణం లెక్కలోకి రాదు.

ఈ నమూనాకు పరిమితి ఉంది. గుజ్జు కేవలం ద్రవం కాదు. దాని కణకవచాలు కూడా కొంత భారం మోస్తాయి. అందువల్ల రకాల వారీగా తొక్క మందం, తన్యబలం, సడలే వేగం కొలిచి, గణన ఫలితాన్ని పొలంలోని పగుళ్ల శాతంతో సరిచూడాలి.

అయినప్పటికీ విస్తరణ సలహాకు దిశ స్పష్టమే. నేల తేమలో ఆకస్మిక మార్పును తగ్గించాలి. బిందుసేద్యం ద్వారా తక్కువ నీటిని తరచుగా ఇవ్వడం, మల్చింగ్ చేయడం, వర్ష సూచన ఉన్నప్పుడు రంగు తిరిగిన కాయలను ముందే కోయడం రైతుకు అందుబాటులోని చర్యలు. ఎంత నీరు అన్న ప్రశ్నతో పాటు ఎంత వేగంగా అన్న ప్రశ్నకూ మన సిఫారసులలో స్థానం కల్పించాలి.