ఎర్రంకెల వాచీ... ముప్పావు కిలో బంగారం!

రోజర్ మూర్ మొట్టమొదట జేమ్స్‌బాండ్ వేషం కట్టిన 'లివ్ అండ్ లెట్ డై' (1973) చూశారా? తెల్లవారకుండానే ఇంటికెవరో వస్తారు. హీరోగారు పక్కమీంచే వాచీ మీట నొక్కుతారు. నల్లటి అద్దంలో ఎర్రంకెలు భగ్గుమంటాయి! ముళ్ళూ లేవు, టిక్కు టిక్కూ లేదు. ఆ వాచీ పేరు పల్సర్. నాకీ పాత వాచీల పిచ్చి అంటించింది అదే.

అన్నట్టు, దాని పుట్టుక కూడా సినిమాలోనే! కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' కోసం అమెరికా హామిల్టన్ కంపెనీవాళ్ళు ఓ డిజిటల్ గడియారం చేసిచ్చారు. అక్కణ్ణించే చేతి వాచీ ఆలోచన మొలిచింది. 1972 ఏప్రిల్‌లో మొదటి పల్సర్ 18 కారెట్ల బంగారంలో వచ్చింది. చేసినవి 400 మాత్రమే. ఒక్కోటి 2,100 డాలర్లు... ఆనాటి మన లెక్కలో పదహారు వేల రూపాయల దాకా! పది గ్రాముల బంగారం రెండొందల ప్రాంతంలో వున్న రోజులవి. అంటే ముప్పావు కిలో బంగారం పైమాటే. పెళ్ళిలో అల్లుడు అలిగి అడిగినా ఏ మామగారూ కొనే సరుకు కాదు!

అంత పోసినా టైము దానంతటది కనబడదు. ఆ దీపాలు బ్యాటరీని తాగేస్తాయి గనక మీట నొక్కాల్సిందే. ఒక చేతికి వాచీ, రెండో చెయ్యి దానికి నౌకరు!

1975లో లెక్కలు చేసే బంగారు పల్సర్ 3,950 డాలర్లకు దిగింది. మరుసటేడే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌వాళ్ళు ప్లాస్టిక్ డిజిటల్‌ని 20 డాలర్లకు అమ్మేశారు. 1977కి పది డాలర్లే. దర్జా కాస్తా సంతలో పడింది.

మన కోనసీమకి, నర్సాపురానికి డిజిటల్ వాచీ గల్ఫ్ పెట్టెల్లో వచ్చింది. నేను వెతికేదీ ఆ పెట్టెల్లోనే. ఆ మధ్య రాజోలు దగ్గర ఓ పెద్దావిడ చీర మడతల్లోంచి పచ్చగా మెరిసే వాచీ తీశారు.

"ఆయన కువైట్నించి తెచ్చారు బాబూ. బంగారమేగా? మనవరాలి కాలేజీ ఫీజుకి వస్తుందనే దాచాను."

వెనక్కి తిప్పితే మూత మీద 'స్టెయిన్‌లెస్ స్టీల్' అని చెక్కి వుంది. కొక్కెం దగ్గర పూత పోయి ఇత్తడి కనిపిస్తోంది. నోరు రాలేదుగానీ చెప్పక తప్పలేదు. "పూతేనండీ. నడిస్తే పదిహేనొందలు నేనిస్తాను" అన్నాను. కొత్త బ్యాటరీ వేశాను. అంకెలు లేచాయి! ఆవిడ ఓ నిమిషం చూసి, "అయితే వుండనీ" అని మళ్ళీ చీరల్లో పెట్టేశారు. ఫీజు సంగతి నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు.

కొనాలనుకునే కుర్రాళ్ళకి రెండు ముక్కలు. '18కె' ముద్ర వుంటే నూటికి 75 పాళ్ళు బంగారం; 'గోల్డ్ ఫిల్డ్' అంటే పైన రేకే. వజ్రాలు కనిపిస్తే కంపెనీ పొదిగినవా, ఎవరో తర్వాత అతికించినవా అని ఆరా తీయండి. అతుకుల వాచీకి అసలు వెల రాదు. లోపలి యంత్రం మొదటిదేనా అన్నదీ ముఖ్యం, తొలి పల్సర్లలో చాలావాటికి మార్చేశారు.

2020లో హామిల్టన్‌వాళ్ళు అదే రూపంలో కొత్తది తెచ్చారు. పసిడి రంగుది 995 డాలర్లు, 1,970 మాత్రమే. అదీ పూతే! నా పెట్టెలో ప్రస్తుతం 23 వాచీలున్నాయి. అందులో పల్సర్ ఒక్కటీ లేదు.