కనిపించని కోత
కెనడాలో పొదుపు చేసే కుటుంబాలు రాబడి గురించి అడిగినంతగా ఖర్చు గురించి అడగవు. మ్యూచువల్ ఫండ్ రుసుమును ఫండ్ ఆస్తుల్లోంచే తీసేసుకుంటారు కాబట్టి చేతినుంచి కట్టినట్టు అనిపించదు. కానీ ఏటా 6 శాతం పెరిగే 10,000 డాలర్లు, 2 శాతం రుసుము పోను 25 ఏళ్లకు సుమారు 26,700 అవుతాయి, 0.2 శాతమే తీసుకునే ఇండెక్స్ ఈటీఎఫ్‌లో అయితే దాదాపు 40,900. 2009లో వచ్చిన టీఎఫ్ఎస్ఏ (పన్ను లేని పొదుపు) ఖాతా రాబడిపై పన్ను తప్పిస్తుందే గానీ ఈ కోతను ఆపలేదు.

ఆ రుసుముతో దొరికే సలహాదారు అండ అక్కర్లేదా అంటారు. మార్కెట్ పడగానే భయపడి అమ్మేసేవారికి ఆ అండ నిజంగానే విలువైనది. అయితే సలహాకు విడిగా ఫీజు కట్టొచ్చు. సొమ్ము పెరిగేకొద్దీ పెరిగే వాటా ఏటా ఇవ్వనక్కర్లేదు. మీ ఫండ్ తాలూకు 'ఫండ్ ఫ్యాక్ట్స్' పత్రంలో ఎంఈఆర్ (ఏటా ఫండ్ తీసుకునే ఖర్చుల శాతం) ఎంతుందో ఈ వారమే చూడండి.