పని తగ్గింది, పళ్లెం తగ్గలేదు

పొలం చేసుకునేవాడికి పొట్ట రాదని పెద్దలు అనేవారు. ఆ మాట ఇప్పుడు చెల్లడం లేదు. ఏ ఊళ్లో ఏ అరుగు దగ్గర నిలబడినా షుగరు బిళ్ల వేసుకునేవాళ్లు ముగ్గురు నలుగురు కనబడతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో వందకు 36 మంది, తెలంగాణలో వందకు 30 మంది ఉండాల్సినదాని కన్నా ఎక్కువ బరువున్నారు. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. ఇంకో 13 కోట్ల పైచిలుకు మంది దాని గడప మీద నిలబడి ఉన్నారు.

చెమటోడ్చేవాళ్లకు ఇదెట్లా వచ్చింది? లెక్క చూస్తే అర్థమవుతుంది. వరి కోత మిషను గంట, గంటన్నరలో ఎకరం కోసి పెడుతోంది. కలుపు మందు వచ్చాక వంగి కలుపు తీసే రోజులు తగ్గాయి. ఇంట్లో మిక్సీ, గ్రైండరు, బోరు నీళ్లు. మోటారు వేయడానికి కూడా పొలం పోనక్కర్లేదు, సెల్‌ఫోను నొక్కితే చాలు. ఇవన్నీ రావడం మంచిదే, పాత కష్టం మళ్లీ ఎవరూ కోరుకోరు. కానీ కోత కోసిన రోజుల్లో తిన్న అన్నం కుప్ప మాత్రం పళ్లెంలో అట్లాగే ఉంది.

తీరిక లేదు, అలుపూ లేదు

నంద్యాల దగ్గర కేసీ కాలువ కింద మూడెకరాలున్న ఓ కుటుంబం సంగతి చూద్దాం. పేర్లెందుకు గానీ, ఇలాంటి ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఇంటి ఇల్లాలికి 38 ఏళ్లు, బడికెళ్లే పిల్లలిద్దరు, రెండు ఎనుములు. నాలుగున్నరకు లేస్తే పాలు పితకడం, పేడకళ్లు, పిల్లలకు డబ్బాలు, ఆ తర్వాత పొలం. మిరప కోతల కాలంలో పక్క పొలాలకు కూలికి కూడా పోతుంది. రాత్రి పదింటికి గానీ నడుం వాల్చదు. అయినా ఎత్తు అయిదడుగులు, బరువు 74 కిలోలు.

“రోజంతా తిరుగుతానే ఉంటాను, తినేది ఒక పూట, మరి ఒళ్లెందుకొస్తోంది సార్?” అన్నదామె. తీరిక లేకపోవడం వేరు, ఒళ్లు అలవడం వేరు. నిలబడి పది పనులు చేసినా, వంగి నాట్లేసినంత శక్తి ఖర్చు కాదు. ఇక ‘ఒక పూట’ అన్నది ఆమె లెక్క మాత్రమే. పొద్దుటి నుంచి నోట్లో పడినదంతా ఆశా కార్యకర్త కూర్చోబెట్టి రాయించింది.

పొద్దున టిఫిను లేదు. బదులు టీలు, సాయంత్రంలోగా అయిదు. గ్లాసుకు రెండు చెంచాల చొప్పున పది చెంచాల చక్కెర, అంటే సుమారు 50 గ్రాములు. రోజు మొత్తానికి 20 నుంచి 25 గ్రాములు దాటొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంటే, టీలోనే అంతకు రెట్టింపు పోతోంది. ఆకలి పట్టలేక పదింటికి బస్టాండు ఉగ్గాని, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. రెండింటికి పళ్లెం నిండా అన్నం, చారు, ఊరగాయ. రాత్రి మళ్లీ అన్నమే, తిన్న వెంటనే నిద్ర.

ఇవన్నీ ఆమెకు తెలుసు. తెలియంది ఒకటుంది. పిల్లలు వదిలేసిన అన్నం, మొగుడు మిగిల్చిన కూర, గిన్నె అడుగున ఉన్న పాయసం, పారేయడానికి మనసొప్పక ఆమే తినేది. మన ఇళ్లల్లో తల్లులందరూ చేసేదిదే. చివరగా తినే మనిషికి మిగిలిందంతా తినాల్సిన బాధ్యత కూడా నెత్తిన పడుతుంది. దాన్ని ఎవరూ తిండి కింద లెక్కపెట్టరు. రోజుకు రెండు పిడికిళ్ల అన్నం చొప్పున సంవత్సరం పొడుగునా పోతే ఒంటి మీద కనబడక ఎక్కడికి పోతుంది?

ఉపకేంద్రంలో పరీక్ష చేస్తే పరగడుపున షుగరు 118 వచ్చింది. 126 దాటితే జబ్బు కిందే లెక్క. ఆమె అత్తకు షుగరు పుండు ముదిరి కాలి వేళ్లు తీసేశారు. ఆ ఖర్చుకు తెచ్చిన అప్పు తీరడానికి మూడు పంటలు పట్టింది. అందుకే ఆ 118 అంకె చూసి ఆ రాత్రి మొగుడూ పెళ్లాలిద్దరికీ నిద్ర పట్టలేదు.

మొదట చేసింది పస్తు

బరువు తగ్గాలనగానే అందరూ చేసే పనే ఆమె చేసింది. రాత్రి అన్నం మానేసింది. టౌన్లో ఎవరో చెబితే వేల రూపాయలు పోసి ఏదో పొడి డబ్బా కొని కలుపుకు తాగింది. ఇరవై రోజులకు మూడు కిలోలు తగ్గింది. ఒకనాడు మిరప చేలో కళ్లు తిరిగి కూలబడింది. డబ్బా పక్కన పెట్టిన నెలకే మూడు కిలోలూ తిరిగొచ్చాయి.

వారానికి అర కిలో తగ్గితే చాలునని, రోజుకు 1000 కేలరీల కన్నా తక్కువ తినడం మంచిది కాదని పోషకాహార శాస్త్రం చెబుతోంది. పస్తుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. కూలికి పోయే మనిషికి కండే ఆస్తి.

ఆమె ఎత్తుకు సరైన బరువు 53 కిలోల లోపు. 74 నుంచి అక్కడికి దిగాలంటే ఎవరికైనా నీరసం వస్తుంది. అంత దూరం చూడక్కర్లేదు. మొదట నాలుగైదు కిలోలు తగ్గినా షుగరు వెనక్కి జరుగుతుంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు గడప మీదున్న 531 మందిని తీసుకుని చేసిన పరిశోధన 2006లో వెలువడింది. మామూలుగా వదిలేసినవారిలో మూడేళ్లలో వందకు 55 మందికి షుగరు వచ్చింది. తిండి సరిచేసుకుని, నడక అలవాటు చేసుకున్నవారిలో 39 మందికే వచ్చింది.

పొయ్యి ఒక్కటే, వంట ఒక్కటే

“నాకొక వంట, మీకొక వంట చెయ్యడం నా చేత కాదు. తింటే అందరం ఒకటే తింటాం” అని ఆమె ఇంట్లో చెప్పేసింది. తీరిక లేని తల్లికి అసలు కిటుకు అదే. తన కోసం వేరే గిన్నె పెట్టుకున్న ఏ ఆడమనిషీ దాన్ని నెల మించి నడపలేదు.

మొదటి గొడవ మొగుడితోనే. “జొన్న రొట్టెలు మా నాయన కాలంలో తిన్నాం. నాలుగు రాళ్లు వచ్చాక కూడా మళ్లా రొట్టేనా?” అన్నాడాయన. ఆ మాటలో చరిత్ర ఉంది. సీమలో వరి అన్నం పండగ తిండి. కాలువలు, బోర్లు, 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యంతో అది రోజువారీ తిండి అయింది. ఆ బియ్యం ఎందరి ఆకలో తీర్చింది, దాన్ని తప్పు పట్టే పని లేదు. కానీ ఆ రాకతో జొన్న, కొర్ర, సజ్జ పళ్లెంలోంచి జారిపోయాయి, పొలంలోంచీ జారిపోయాయి. బియ్యం తెల్లగా మెరిసేదాకా పట్టించుకుంటే తవుడుతో పాటు సత్తువా పోతుందని తెలిసి నూరేళ్లయింది. మన పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టిందే అలాంటి బియ్యం తినేవారికి వచ్చే బెరిబెరి జబ్బు సంగతి తేల్చడానికి. తర్వాత 1958లో హైదరాబాద్ వచ్చింది.

ఇప్పుడు ఆ ఇంట్లో మధ్యాహ్నం మాత్రం అన్నం, అదీ ఒక గిన్నె కొలత. రాత్రి రెండు జొన్న రొట్టెలు, పప్పు, ఆకుకూర. పొద్దున ఏడింటికే ఉడికించిన అలసందలో, గుడ్డో, రాగిజావో కడుపులో పడుతుంది. పొద్దున తినడం మొదలుపెట్టాక పదింటి బజ్జీలు వాటంతటవే పోయాయి. టీలు రెండయ్యాయి, చెంచా చక్కెరతో. రొట్టెలు కొట్టడానికి తీరికెక్కడిదంటారా? రెండు రోజులకొకసారి ఒక్క వాయిలో పన్నెండు కొట్టి బుట్టలో పెడుతుంది. జొన్న రొట్టె ఎండినా పాడవదు, పప్పులో నానబెట్టుకుంటే సరి.

నూనె లెక్క ఆమే కట్టింది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి పోషకాహార సంస్థ 2024లో చూపిన పళ్లెంలో నూనె 27 గ్రాములు, ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉన్నాయి. నలుగురికి నెలకు మూడున్నర లీటర్ల నూనె దాటకూడదన్నమాట. ఆ ఇంట్లో ఆరు లీటర్లు కాగేది. ఇప్పుడు ఒకటో తేదీన నాలుగు ప్యాకెట్లు కొని, అయిపోతే మళ్లీ నెల దాకా కొనడం లేదు. చివరి వారం పోపు లేని పప్పు తింటున్నామని పిల్లలు వేళాకోళం చేస్తారట.

మిగులు అన్నానికి ఒక దారి దొరికింది. ముందే తక్కువ వండుతున్నారు. అయినా మిగిలితే కుడితిలోకి. “ఎనుము తింటే పాలిస్తుంది, నేను తింటే మోకాలి నొప్పి” అంటుందామె నవ్వుతూ.

పది నెలలకు బరువు 66కు వచ్చింది. నేరుగా దిగలేదు. సంక్రాంతికి కిలోన్నర తిరిగి ఎక్కింది, మామిడి పళ్ల కాలంలో కదలకుండా కూర్చుంది. షుగరు 103కు దిగింది. మిరప కోతల్లో మధ్యలో కూర్చోకుండా సాలు చివరిదాకా పోతున్నానని ఆమె చెప్పిన మాట ఈ అంకెల కన్నా నాకు పెద్దదిగా తోచింది.

కొర్రలు మందు కాదు

సిరిధాన్యాలు తింటే చాలు, బరువూ షుగరూ మాయమవుతాయని చెప్పేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వంద గ్రాముల కొర్రల్లోనూ, వంద గ్రాముల బియ్యంలోనూ శక్తి దాదాపు ఒకటే. తేడా పీచులో ఉంది, త్వరగా కడుపు నిండుతుంది, షుగరు ఒక్కసారిగా ఎగబాకదు. కొర్రన్నం కూడా కుప్పగా పోసుకుంటే ఒళ్లు వస్తుంది. రాగుల్లో వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉంది, పిల్లల ఎముకలకు మంచిది. కానీ జావలో బెల్లం గుప్పిళ్లతో వేస్తే లాభం లేదు. రాజేంద్రనగర్ నుంచి 2015లో వచ్చిన తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048 బియ్యానికి షుగరు పెంచే గుణం తక్కువన్నది నిజమే. అలాగని రెండో వడ్డనకు అది అనుమతి చీటీ కాదు.

దొడ్లో రెండు సెంట్లు

రోజుకు మనిషికి 400 గ్రాముల కూరగాయలు కొనాలంటే సన్నకారు రైతు వల్ల అయ్యేపని కాదు. పండించుకోవాల్సిందే. స్నానాల నీళ్లు పారే చోట రెండు సెంట్లు చాలు. తోటకూర నెల లోపే చేతికొస్తుంది. మెంతికూర, పాలకూర, గోంగూర పది రోజుల తేడాతో కొంచెం కొంచెం చల్లుకుంటే ఏ వారమూ ఖాళీ ఉండదు. మూలకో మునగ చెట్టు పెడితే కాయతో పాటు ఆకూ కూరకు వస్తుంది. గట్ల మీద కంది సాలు వేస్తే ఏడాదికి సరిపడా పప్పులో కొంత భాగమైనా ఇంటిదవుతుంది.

ఒక్క మాట. మిరప, పత్తి చేల పక్కన కూరగాయలు వేయకండి. అక్కడ కొట్టిన మందు గాలికి వచ్చి ఆకుకూర మీదే పడుతుంది. దొడ్లో పురుగుకు 5 శాతం వేప గింజల కషాయం సరిపోతుంది.

ముందు పరీక్ష

30 ఏళ్లు దాటినవారికి ఉపకేంద్రంలో బీపీ, షుగరు ఉచితంగా చూస్తారు. జాకెట్లు కుట్టే టేపుతో బొడ్డు దగ్గర కొలుచుకోండి. ఆడవారికి 80 సెంటీమీటర్లు, మగవారికి 90 దాటితే పొట్ట కొవ్వు ఎక్కువున్నట్టే. ఇప్పటికే షుగరు బిళ్లలో, ఇన్సులినో వాడుతున్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా తిండి తగ్గించకూడదు. మందు పాతది, తిండి కొత్తది అయితే షుగరు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మూత్రపిండాల జబ్బున్నవారు పప్పులు పెంచే ముందు అడగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు బరువు తగ్గించే పని ఇప్పుడు పెట్టుకోవద్దు.

సొంత తిండికి కొర్ర వేసుకుందామనుకునేవారికి నంద్యాల పరిశోధన స్థానం విడుదల చేసిన సూర్యనంది రకం అనువైనది. ఎకరానికి 2 కిలోల విత్తనం చాలు. జూన్, జూలైలో వేస్తే 80 రోజుల లోపే కోతకొస్తుంది, నల్లరేగడిలో వెనకే శనగ వేసుకోవచ్చు. అర ఎకరం పంట ఒక ఇంటి తిండికి మిగులుతుంది. జొన్నలు, రాగులు నేరుగా పిండి పట్టించుకోవచ్చు గానీ కొర్రలకు పొట్టు తీయాలి, మామూలు పిండి మిల్లు పనికిరాదు. విత్తనం తెచ్చుకునే ముందే పొట్టు తీసే మిల్లు దగ్గర్లో ఎక్కడుందో కనుక్కుని ఉంచుకోండి.