గొట్టంలో ఉన్నదే మిషన్ చదువుతుంది

2021 మేలో ఢిల్లీ నుంచి మా మేనమామ కొడుకు ఫోన్ చేశాడు. "బావా, మీ విశాఖ వేరియంట్ పదిహేను రెట్లు ప్రమాదమట కదా!" ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లకు 14 రోజుల క్వారంటైన్ అని ఢిల్లీలో ఉత్తర్వు కూడా వచ్చింది. నేనేమో చోడవరంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, రోజంతా జనం ముక్కుల్లో స్వాబ్ పెట్టి తీసేవాణ్ణి. ఏం చెప్పను?

జవాబు హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ చెప్పింది. శాంపిళ్ల జన్యుక్రమాలు చదివి, విశాఖ పేరు మోస్తున్న ఎన్440కె అప్పటికే తగ్గిపోతోందనీ, దాని చోట్లోకి బి.1.617 వస్తోందనీ తేల్చింది. డెల్టా ఆ వంశంలోదే. టీవీలు ఒకదాన్ని చూపించి భయపెడుతుంటే, ఊళ్లను ఊడ్చేసింది మరొకటి.

అయితే ఈ చదువు మిషన్ కొంటే వచ్చేది కాదు. కరోనా జన్యుక్రమం దాదాపు 30 వేల అక్షరాలు. చాలా ల్యాబులు దాన్ని సుమారు 400 అక్షరాల ముక్కలుగా కాపీలు తీసి చదువుతాయి. ప్రతి ముక్కకూ రెండు కొసల్లో అతుక్కుని కాపీ మొదలుపెట్టించే చిన్న తునకలే ప్రైమర్లు. వైరస్ సరిగ్గా అవి అతుక్కునే చోటే మారిందనుకోండి, తాళం మార్చిన ఇంటికి పాత చెవి తెచ్చినట్టే. ఆ ముక్క రాదు. డెల్టా కాలంలో అదే జరిగింది. ఎన్నో దేశాలు వాడిన ఆర్టిక్ మూడో ప్రైమర్ల సెట్‌లో 72వ ముక్క జారిపోయేది. దాంతో వైరస్ స్పైక్ ప్రోటీన్‌లో జి142డి అనే మార్పు ఉన్నా, చాలా రిపోర్టుల్లో లేనట్టే కనిపించింది. నాలుగో సెట్ చేశారు. ఒమిక్రాన్ రాగానే దాన్నీ సవరించి 4.1 తేవాల్సి వచ్చింది. మిషన్‌కు రిబ్బన్ కత్తిరించడానికి అందరూ వస్తారు గానీ, ప్రైమర్లు మార్చడానికి డబ్బు అడిగితే పలికేవాళ్లు తక్కువ.

రెండో అడ్డంకి ఆలస్యం. ఆంధ్రలో తొలి ఒమిక్రాన్ కేసు, ఐర్లాండ్ నుంచి ముంబై మీదుగా 2021 నవంబర్ 27న విశాఖ చేరిన ప్రయాణికుడిది. శాంపిల్ హైదరాబాద్ వెళ్లి, ఒమిక్రాన్ అని డిసెంబర్ 12న ప్రకటించేసరికి ఆయనకు మళ్లీ చేసిన పరీక్షలో నెగెటివ్ కూడా వచ్చేసింది. ఆయన అదృష్టం మంచిదే, కానీ నిఘాకు రెండు వారాలు చాలా ఎక్కువ. 2022లో విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలో సీక్వెన్సింగ్ ల్యాబ్ పెట్టడం అందుకే మంచి పని.

ఇక మా వంతు. స్వాబ్ పైపైన తిప్పితే వైరస్ తక్కువ పడుతుంది. ఆర్‌టీపీసీఆర్‌లో వైరస్ తగ్గేకొద్దీ పెరిగే సీటీ విలువ 30 దాటిన శాంపిల్‌లో జన్యుక్రమం చాలాసార్లు చిల్లులు పడే వస్తుంది. శాంపిల్ పెట్టెలో ఐస్ కరిగినా అంతే. ఫారం సంగతి మరీ అన్యాయం. పాడేరు నుంచి నిన్న దిగిన మనిషికి కూడా చిరునామా దగ్గర "చోడవరం" అని రాసేస్తారు. తీసిన తేదీ, ఊరు తప్పయితే అక్షరాలన్నీ సరిగ్గా చదివినా, ఆ వైరస్ ఎటు నుంచి ఎటు పోతోందో ఎవరికీ తెలియదు. ఇంట్లో కిట్‌తో చేసుకున్న పరీక్ష స్వాబ్ అయితే చెత్తబుట్టకే పోతుంది, అసలు లెక్కలోకే రాదు.

కాబట్టి ఈసారి జ్వరం, దగ్గుతో ఆసుపత్రికి వచ్చినప్పుడు స్వాబ్ ఇబ్బందిగా ఉన్నా తల వెనక్కి లాగకండి. లక్షణాలు ఏ రోజు మొదలయ్యాయో, ఈమధ్య ఏ ఊరు వెళ్లొచ్చారో అడక్కముందే చెప్పండి, ఫారంలో రాయించండి.